గన్ షాపు ఎక్కడ పెట్టనివ్వాలి: 500 అడుగుల రూలా, స్పెషల్ పర్మిటా, మామూలు షాపులా వదిలేయడమా? ఏది మేలు?

డాలస్ పక్కన ఉన్నప్పుడు మేం వారం వారం వెళ్ళే స్ట్రిప్ మాల్‌లో ఒక చివర ఇండియన్ గ్రాసరీ, మధ్యలో పిల్లల డాన్స్ క్లాసు, ఇంకో చివర గన్ షాపు ఉండేవి. కరివేపాకు, దోసకాయలు డిక్కీలో సర్దుతుంటే పక్క కారులోంచి ఒకాయన పొడవాటి నల్ల సంచీ తీసుకుని భుజానికి తగిలించుకుని ఆ షాపులోకి వెళ్ళేవాడు. మొదటి నెల గుండె దడదడలాడింది, తర్వాత అలవాటైపోయింది, ఆ అలవాటవడమే నాకు ఇప్పటికీ నచ్చదు. తర్వాత కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర ఉన్న ఈస్ట్ బేకి మారాం, ఇక్కడ మా కౌంటీలో అలాంటి చోట అలాంటి షాపు పెట్టాలంటే చాలా కష్టం. దేశం అదే, రాజ్యాంగం అదే, ఇంత తేడా ఎలా వచ్చిందా అని చదవడం మొదలుపెడితే చివరికి తేలింది ఏంటంటే చాలావరకు ఇదంతా జోనింగ్, అంటే ఊళ్ళో ఏ చోట ఇళ్ళు, ఏ చోట ఏ వ్యాపారం ఉండొచ్చో చెప్పే లోకల్ రూల్స్.

మన గ్రూపుల్లో ఈ టాపిక్ వస్తే చాలు గన్స్ ఉండాలా వద్దా అని కొట్టుకుంటారు. అది సుప్రీం కోర్టు తేల్చే విషయం అండి, మన సిటీ కౌన్సిల్ చేతిలో ఉన్నది షాపు ఎక్కడ అనేది ఒక్కటే, దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు ఒక అపోహ తీసేయాలి. స్కూలుకి 1000 అడుగుల లోపు గన్ షాపు పెట్టకూడదని ఫెడరల్ చట్టం ఉందని చాలామంది అనుకుంటారు, లేదు. 1990 నాటి గన్ ఫ్రీ స్కూల్ జోన్స్ చట్టం గన్ దగ్గర పెట్టుకుని తిరగడం గురించి, అందులో కూడా స్కూలుకి చెందని ప్రైవేటు స్థలానికి మినహాయింపు ఉంది, షాపుల లొకేషన్ ఊసే లేదు. డీలర్ లైసెన్స్ ఇచ్చేది ఏటీఎఫ్ అనే ఫెడరల్ సంస్థ, 1968 గన్ కంట్రోల్ చట్టం కింద, మామూలు డీలర్‌కి మూడేళ్ళకి 200 డాలర్లు, రెన్యువల్‌కి 90. ఆ అప్లికేషన్‌లోనే ఈ అడ్రసులో ఈ వ్యాపారం లోకల్ చట్టానికి విరుద్ధం కాదు అని సంతకం పెట్టాలి, అక్కడే మన సిటీ జోనింగ్ అడ్డు పడేది. సిటీ కోడ్‌లో ఏమీ రాసి లేకపోతే ఆ సంతకానికి అడ్డేమీ ఉండదు.

ఇక మొదటిది, దూరం రూలు. మా అలమీడా కౌంటీదే తీసుకోండి. సిటీల పరిధిలో లేని ఏరియాల్లో గన్ షాపు ఇళ్ళ జోన్ నుంచి, స్కూళ్ళ నుంచి, లిక్కర్ షాపుల నుంచి, ఇంకో గన్ షాపు నుంచి 500 అడుగులు, అంటే సుమారు 150 మీటర్లు, దూరంగా ఉండాలి. శాన్ లొరెంజో దగ్గర ముగ్గురు పార్ట్‌నర్లు షాపు పెడదామని వచ్చారు. తలుపు నుంచి తలుపుకి కొలుచుకుని 500 దాటుతుందిలే అనుకున్నారు, కౌంటీ ప్లానింగ్ వాళ్ళు కొలిస్తే దగ్గర్లోని ఇళ్ళ ప్రాపర్టీకి 446 అడుగులే వచ్చింది. పైగా ఆ ఇళ్ళకీ షాపుకీ మధ్యలో 880 ఫ్రీవే ఉంది! అంత పెద్ద ఫ్రీవే దాటి నడిచి వచ్చేవాడెవడు అని 2011 చివర్లో జోనింగ్ బోర్డు మినహాయింపు ఇచ్చింది, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళ సంఘం అప్పీల్ చేసింది, 2012లో కౌంటీని నడిపే ఎన్నికైన సూపర్వైజర్లు మినహాయింపు తీసేశారు. అక్కణ్ణుంచి కోర్టు. టెషేరా కేసు అంటారు దాన్ని, 2016లో నైన్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీల్ కోర్టులో ముగ్గురు జడ్జీల బెంచ్ షాపు వాళ్ళ వైపు తీర్పిచ్చింది, 2017 అక్టోబర్‌లో అదే కోర్టు పెద్ద బెంచ్ దాన్ని తిప్పేసి కౌంటీనే గెలిపించింది, 2018లో సుప్రీం కోర్టు విననంది. కౌంటీలో ఇప్పటికే పదిదాకా షాపులున్నాయి, కొనుక్కునేవాళ్ళకి ఇబ్బంది లేదు, అమ్మడానికంటూ విడిగా రాజ్యాంగ హక్కు లేదు అని పెద్ద బెంచ్ చెప్పింది.

నాకు ఈ కేసులో కళ్ళు తెరిపించింది ఆ 446. నంబరు 500 పెట్టారా 1000 పెట్టారా అని అందరూ వాదిస్తారు, ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలో మాత్రం ఎవరూ అడగరు. తలుపు నుంచా, గోడ నుంచా, స్థలం హద్దు నుంచా, గాల్లో గీత గీసా, నడిచే దారిలోనా? మన దేశంలో ఇదే చూశాం కదా, 2016 డిసెంబర్‌లో సుప్రీం కోర్టు హైవేకి 500 మీటర్ల లోపు మద్యం షాపులు వద్దంటే కేరళలో ఒక బారు వాళ్ళు గేటు ముందు పాము మెలికల్లా దారి కట్టేసి నడక దూరం పెంచేసుకున్నారు. కొలత సరిగ్గా రాయని రూలుకి ఆ గతే పడుతుంది. ఇంకోటి, ఊరు చిన్నదైతే 500 అడుగుల సర్కిళ్ళు నాలుగు గీస్తే మ్యాప్ మొత్తం నిండిపోతుంది, అప్పుడది దూరం రూలు కాదు, బ్యాన్ అవుతుంది, కోర్టులో పడిపోయే ప్రమాదం అక్కడుంది.

షికాగో కథ అదే. సిటీలో గన్ అమ్మకాలే ఉండకూడదని నిషేధం ఉండేది, 2014 జనవరిలో ఫెడరల్ జడ్జి కొట్టేశారు. అదే ఏడాది జూన్‌లో కొత్త ఆర్డినెన్స్, అంటే సిటీ చట్టం, తెచ్చారు, స్కూళ్ళకీ పార్కులకీ 500 అడుగులు, స్పెషల్ యూజ్ పర్మిట్, ప్రతి అమ్మకం వీడియో తీయాలి. లెక్క వేస్తే సిటీ మొత్తంలో షాపు పెట్టడానికి మిగిలింది దాదాపు అర శాతం నేల. షూటింగ్ రేంజ్‌ల విషయంలో ఇలాగే మాన్యుఫాక్చరింగ్ జోన్‌కి పరిమితం చేసి, పైన దూరం రూలు కూడా పెడితే 2.2 శాతమే మిగిలిందని 2017లో సెవెంత్ సర్క్యూట్ ఆ జోనింగ్‌ని కొట్టేసింది. సరే, అంత బిగించినా తుపాకులు ఆగాయా అంటే, పట్టుబడ్డ తుపాకీ మొదట ఎక్కడ అమ్ముడైందో ఆరా తీసే సిటీ వాళ్ళ సొంత ట్రేస్ రిపోర్టులే చెప్తున్నాయి, పట్టుబడ్డ వాటిలో చాలా వాటి మొదటి అమ్మకం పక్క ఊళ్ళ షాపుల్లో, పక్క రాష్ట్రం ఇండియానాలో జరిగింది. మన ఊరి గేటు మూస్తే పక్క ఊరి గేటు తెరిచే ఉంటుంది. ఇది మనసుకి కష్టంగా ఉన్నా ఒప్పుకోవాలి.

రెండోది పర్మిట్ పద్ధతి, అంటే కమర్షియల్ జోన్‌లో పెట్టుకోవచ్చు కానీ ప్రతి షాపు విడిగా వచ్చి అడగాలి, హియరింగ్ జరుగుతుంది, చుట్టుపక్కల వాళ్ళకి నోటీసు వెళ్తుంది, షరతులు పెట్టి ఇస్తారు. మా పక్క కౌంటీలో లాఫయెట్ సిటీ 90ల్లోనే ఇలా చేసింది, 1997లో కాలిఫోర్నియా అప్పీల్ కోర్టు చాలావరకు సమర్థించింది. ఆ తీర్పులో పనికొచ్చే ముక్క ఒకటుంది, షాపు ఎక్కడ అనేది సిటీ చెప్పొచ్చు, కానీ రాత్రి షాపు కట్టేశాక తుపాకులు ఎలా దాచాలో స్టేట్ చట్టం ఇప్పటికే చెప్పేసింది కాబట్టి సిటీ దానికి విరుద్ధంగా రాయకూడదు అని ఆ ఒక్క భాగం కొట్టేసింది. అంటే ఏది మన చేతిలో ఉందో ఏది లేదో తెలుసుకుని రాస్తే రూలు నిలబడుతుంది.

దీపావళికి టపాకాయల స్టాళ్ళు గుర్తు చేసుకోండి. 2008 ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్ ప్రకారం తాత్కాలిక షెడ్డుకీ షెడ్డుకీ కనీసం 3 మీటర్లు, జనం ఉండే కట్టడాలకి 50 మీటర్లు, ఎదురెదురుగా పెట్టకూడదు, ఒక చోట 50కి మించకూడదు. అందులో దూరం ఒక్కటే కాదు, లోపల ఎలా ఉండాలో కూడా ఉంది. గన్ షాపుకీ నాకు కావాల్సింది అదే. అసలు గన్ షాపు పక్కన ఉంటే భయం కొనుక్కెళ్ళే కస్టమర్ గురించి కాదు, అర్ధరాత్రి కారుతో అద్దం గుద్ది లోపలికి దూరే దొంగల గురించి. ఫెడరల్ చట్టం చూస్తే దొంగతనం జరిగిందని తెలిశాక 48 గంటల్లో రిపోర్ట్ చేయమంటుంది గానీ, షాపుకి ఇనప పోస్టులు పెట్టు, రాత్రి లాకర్లో పెట్టు అని బలవంతం చేయదు. కాలిఫోర్నియాలో 2024 నుంచి కెమెరా రికార్డింగ్ తప్పనిసరి, అది ఏడాది పాటు దాచాలి. అలాంటి స్టేట్ చట్టం లేని చోట, లోకల్ రూల్స్‌కి స్టేట్ అడ్డు చెప్పని చోట, ఈ పర్మిట్ షరతులే దిక్కు.

ఈ పద్ధతిలో లోపం లేదా అంటే ఉంది. హియరింగ్‌కి ఎవరు ఎక్కువమంది వస్తే వాళ్ళ మాట చెల్లుతుంది, డబ్బున్న కాలనీ వాళ్ళు లాయర్‌తో వస్తారు, రెండు షిఫ్టులు చేసే అపార్ట్‌మెంట్ల వాళ్ళు రారు, షాపు వెళ్ళి వాళ్ళ పక్కన తేలుతుంది. అందుకే పర్మిట్‌తో పాటు స్కూళ్ళకి చిన్న దూరం ఒకటి అందరికీ సమానంగా ఉండాలంటాను.

మూడోది ఏమీ పెట్టకుండా మామూలు రిటైల్‌లా వదిలేయడం. టెక్సాస్‌లో సిటీలకి వేరే దారి లేదు, అందరికీ వర్తించే జోనింగ్ పెట్టుకోవచ్చు గానీ దాన్ని గన్ అమ్మకాలు ఆపడానికి వాడితే చెల్లదని స్టేట్ చట్టంలోనే ఉంది. వర్జీనియాలో 2016లో ఆర్లింగ్టన్‌లో ఇళ్ళ మధ్య గన్ షాపు వస్తుందని జనం గోల పెట్టినా, రిటైల్‌కి జోన్ అయిన చోటు, మేం ఆపలేం అని కౌంటీ చేతులెత్తేసింది, షాపు తెరుచుకుంది. ఈ పద్ధతికి మేలు ఏంటంటే వ్యాపారికి అనిశ్చితి ఉండదు, కోర్టు ఖర్చు ఉండదు, షాపు మెయిన్ రోడ్డు మీద వెలుతుర్లో నలుగురి కళ్ళ ముందు ఉంటుంది. ఇండస్ట్రియల్ ఏరియా గోడౌన్ల వెనక రాత్రి పిట్ట కూడా తిరగని చోట దొంగలకే సుఖం, ఈ పాయింటు నేను చాలా రోజులు ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. కానీ డాన్స్ క్లాసు గోడ పక్కనే ఉన్నా అడిగే హక్కు కూడా లేకపోవడం నాకు మింగుడుపడదు.

నా ఓటు రెండో దానికే, 300 నుంచి 500 అడుగుల స్కూలు, డేకేర్ దూరంతో కలిపి, కొలత స్థలం హద్దు నుంచి హద్దుకి అని స్పష్టంగా రాసి, మ్యాప్ గీసి నిజంగా షాపు పెట్టగలిగే చోట్లు ఉన్నాయని చూసుకుని. మీరు టెక్సాస్‌లోనో వర్జీనియాలోనో ఉంటే ఆ దారి లేదు, అక్కడ స్టేట్ ఎన్నికలే దారి. ఏది చేసినా షాపు రాకముందు చేయాలి. మసాచుసెట్స్‌లో న్యూటన్ సిటీకి 2021లో షాపు వస్తోందని తెలిశాక హడావిడిగా కౌన్సిల్ కూర్చుని జూన్‌లో స్పెషల్ పర్మిట్ రూలు పెట్టింది. వాళ్ళకి టైమ్ దొరికింది, అందరికీ దొరకదు.

మీ సిటీ మునిసిపల్ కోడ్ ఆన్‌లైన్‌లో ఉంటుంది, అందులో ఫైర్‌ఆర్మ్స్ అని వెతకండి, ఏమీ రాకపోతే మీ ఊళ్ళో గన్ షాపూ చెప్పుల షాపూ ఒకటేనేమో ప్లానింగ్ డిపార్ట్‌మెంట్‌ని అడగండి. అలాగే హోమ్ ఆక్యుపేషన్, అంటే ఇంట్లోంచి చేసే వ్యాపారాల, చాప్టర్ కూడా చూడండి, ఎందుకంటే లైసెన్స్ ఉన్న డీలర్లలో చాలామందికి షాపే ఉండదు, ఇంట్లోంచే చేస్తారు, షాపు గురించి పెట్టిన దూరం రూలు ఆ ఇంటికి వర్తిస్తుందో లేదో ఆ చాప్టర్‌లోనే తెలుస్తుంది.