స్టట్‌గార్ట్ అద్దె ఇల్లు: నాలుగేళ్లు ఉన్నాక ఆ కిటికీ గురించి

షూఫా రిపోర్టు (మనం అప్పులు, బిల్లులు సరిగా కడతామా లేదా చెప్పే కాగితం), మూడు నెలల డిపాజిట్, కోల్డ్ రెంట్ (ఉత్త అద్దె), వార్మ్ రెంట్ (హీటింగ్ లాంటి ఖర్చులు కలిపిన అద్దె)... ఇవన్నీ జర్మనీలో ఇల్లు వెతుక్కున్న ఎవరిని అడిగినా చెప్తారు. వాటి జోలికి పోను. 2019 అక్టోబరు నుంచి నాలుగేళ్లు నేనున్న ఆ రెండు గదుల ఇంట్లో నన్ను ఏడిపించింది ఒకటే. కిటికీ.

మొదట్లో ఆ కిటికీనే వీడియో కాల్‌లో అందరికీ చూపించి మురిసిపోయాను. పిడి అడ్డంగా తిప్పితే తలుపులా మొత్తం తెరుచుకుంటుంది. పైకి తిప్పితే పైభాగం మాత్రం లోపలికి వాలుతుంది. రెండు పొరల అద్దం, అంచులకు రబ్బరు. మూస్తే కింద ట్రామ్ పోతున్నా వినపడదు. అనంతపురం సాయినగర్‌లో మా ఇంటి కిటికీ మూసినా పక్కింటి సీరియల్ మొత్తం వినపడుతుంది. "అట్లాంటిది మనకూ పెట్టిస్తే ఎంతవుతుందో కనుక్కోరా" అన్నాడు నాయన.

2022 నవంబరులో అమ్మ మూడు నెలల వీసా మీద వచ్చింది. ఆమె ఉంటే పొయ్యి ఖాళీగా ఉండదు. సంగటి, పప్పు, చారు, మళ్లీ రాత్రికి అన్నం. బయట బట్టలు ఆరవు కాబట్టి హీటర్ పక్కనే స్టాండ్ మీద ఆరేసేవాళ్లం. పొద్దున నేను కిటికీ తెరవడం ఆలస్యం, "ఇంత చలిలో ఏంటికి తెరుస్తావురా నాయనా" అంటూ మూసేసేది. సరే, ఆమె మాటా పోకూడదు, గాలీ ఆడాలి అని రోజంతా కిటికీని కొంచెం వాల్చి ఉంచడం మొదలుపెట్టాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

ఫిబ్రవరిలో అమ్మ ఊరికి పోయే ముందు ఒక పెళ్లికి కట్టుకుంటానని మా ఆవిడ ధర్మవరం చీర అడిగింది. బీరువా తెరిస్తే ముక్కిపోయిన వాసన. ఇద్దరం కలిసి బీరువాను ముందుకు లాగాం. వెనకాల అట్ట చేతికి మెత్తగా వచ్చింది, వాన తగిలిన అప్పడంలాగా. గోడ మీద నేల నుంచి మోకాలెత్తు దాకా నల్ల చుక్కలు. అమ్మ మసి అనుకుని కొంగుతో తుడవబోయింది. నాయనకు ఫోన్ చేసి గోడకు బూజు పట్టిందంటే, "దానికేముంది, చీపురు పెట్టి దులుపు" అన్నాడు. ఆయన తప్పు లేదు. మనకు బూజంటే మూలల్లో సాలెగూళ్లు, మహా అయితే ఉప్పు తక్కువైన ఊరగాయ మీద తెల్లగా పట్టేది. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే చోట గోడకు బూజెట్లా పడుతుంది?

ఓనరమ్మ కింద అంతస్తులోనే ఉండేది, డెబ్బై దాటిన మనిషి. చిన్న మీటర్ తెచ్చి టేబుల్ మీద పెట్టింది. గాల్లో తేమ 74 శాతం. నలభై, అరవై మధ్య ఉండాలట. "మీ వంట వల్లే" అనేసింది. ఒళ్లు మండిపోయింది. వెంటనే అద్దెదారుల సంఘంలో చేరాను. ఏడాదికి కొంత ఫీజు కడితే వాళ్ల దగ్గర లాయర్లు సలహా ఇస్తారు.

అసలు సంగతి అక్కడ తెలిసింది. ఆ బిల్డింగ్ 1960ల నాటిది. గోడలు పాతవే, కిటికీలు మాత్రం కొత్తవి. పాత చెక్క కిటికీల సందుల్లోంచి తేమ దానంతటదే బయటికి పోయేది. రబ్బరు కిటికీలు వచ్చాక అంతా లోపలే ఆగిపోయి, చల్లటి బయటి గోడకు తగిలి నీరవుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టు. దానికి మందు రోజుకు మూడు నాలుగు సార్లు కిటికీలన్నీ బార్లా తెరిచి ఐదు పది నిమిషాల్లో మూసేయడమే. నేను చేసినట్టు రోజంతా వాల్చి ఉంచితే గాలి సరిగా మారదు సరికదా, గోడ ఇంకా చల్లబడుతుంది.

కట్టడంలో లోపం లేదని ముందు చూపించాల్సింది ఓనరే అని లాయర్ ధైర్యం చెప్పాడు. ఆ ధైర్యం ఎంతోసేపు నిలవలేదు. ఇల్లు అప్పగించిన రోజు చదవకుండా సంతకం పెట్టిన కాగితంలో, కిటికీలు ఎట్లా తెరవాలో నాకు వివరించినట్టు ఒక లైన్ ఉంది. బొమ్మలతో ఒక షీట్ కూడా వంటగది గోడకు అతికించే ఉంది. దాని మీదే నేను వేంకటేశ్వరస్వామి క్యాలెండర్ తగిలించుకున్నాను. ఖాళీ చేసేటప్పుడు 2,340 యూరోల డిపాజిట్‌లో ఓనరమ్మ 480 పట్టుకుంది. గొడవ పడే మొహం లేక ఊరుకున్నాను.

మంచి కూడా చెప్పాలి. పదకొండు నెలల అగ్రిమెంట్ టెన్షన్ అక్కడ లేదు. సరైన కారణం చూపించకుండా ఓనర్ ఖాళీ చేయమనలేడు, చూపించినా మామూలుగా కనీసం మూడు నెలల గడువివ్వాలి. దొరకడమే కష్టం. అరవై మెయిళ్లు పెడితే నలుగురు పిలిచారు. పేరు చూసే పక్కన పెట్టారని చాలా తిట్టుకున్నాను. ఇప్పుడు అనంతపురంలో మా మేడ మీద పోర్షన్‌కు ఎవరొచ్చినా నాయన మొదటి ప్రశ్న "మీరేమోళ్లు?" అని. పక్కనే నేనూ కూర్చుని ఉంటాను, ఏమీ అనను.

ఆ ఇల్లు తీసుకోవచ్చా అంటే, ఒంటరివాళ్లకు, వంట తక్కువ చేసేవాళ్లకు కళ్లు మూసుకుని తీసుకోమంటాను. చలికాలంలో అమ్మానాన్నలు వచ్చి ఉండేవాళ్లయితే కొంచెం ఆలోచించాలి. మా పెద్దమ్మ మనవడు చదువుకు అదే ఊరికి పోతున్నాడు. వాడికి ఓనరమ్మ నంబరే ఇచ్చాను. బీరువాను గోడకు జానెడు దూరంగా పెట్టమని రెండుసార్లు చెప్పాను. "అయితే మామా, సంగటి చేసుకోవచ్చా?" అన్నాడు.

"చేసుకో. కిటికీ మాత్రం బార్లా తెరువు, వాల్చొద్దు" అన్నాను.