క్లబ్బు ఒప్పందమా, కొలువా? పాలమూరు, నల్లగొండ గోల్‌కీపర్‌కు ఏది మేలు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి ఫుట్‌బాల్‌నే బతుకుదెరువు చేసుకోవాలనుకునే కుర్రాడి ముందు పెద్ద దారులు రెండున్నాయి. ఒకటి, ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లోనో దాని కింది అంచె లీగ్‌లోనో ఆడే వృత్తిపర క్లబ్బుతో ఒప్పందం. రెండోది, రైల్వే, సైన్యం, పోలీసు వంటి శాఖల్లో క్రీడా కోటా ఉద్యోగం సంపాదించి ఆ శాఖ జట్టుకు ఆడటం. గోల్ కొట్టే ఫార్వర్డ్ ఈ ప్రశ్న అడిగితే చెప్పే సలహా గోల్‌కీపర్‌కు సరిపోదు, ఎందుకంటే ఇతని వయసు లెక్క వేరు.

మైదానం అంచు వెంట పరుగెత్తే వింగర్‌కు ముప్పై దాటితే కాళ్లలో వేగం తగ్గుతుంది. గోల్‌కీపర్‌కు బంతి ఎటు రాబోతుందో పసిగట్టే నేర్పు, డిఫెండర్లను కేకేసి నిలబెట్టే అధికారం అప్పుడే కుదురుకుంటాయి. ఇటలీ గోల్‌కీపర్ డినో జోఫ్ 1982లో ప్రపంచకప్ అందుకున్నప్పుడు అతని వయసు 40. ఈజిప్టుకు చెందిన ఎస్సామ్ ఎల్ హదారీ 2018 ప్రపంచకప్‌లో 45వ ఏట పెనాల్టీ ఆపాడు. అంత దూరం ఎందుకు, 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఐఎస్ఎల్ ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ పెనాల్టీలు మూడింటిని ఆపి హైదరాబాద్ ఎఫ్‌సీకి కప్పు తెచ్చిపెట్టిన లక్ష్మీకాంత్ కట్టిమణికి అప్పటికి 32 ఏళ్లు. రైల్వే క్రీడా కోటాకు మాత్రం వయసు 18 నుంచి 25 లోపే ఉండాలి. అంటే కొలువు తలుపు ముందుగా మూసుకుంటుంది, క్లబ్బు తలుపు గోల్‌కీపర్‌కు చాలాకాలం తెరిచే ఉంటుంది. నా తూకమంతా ఈ ఒక్క తేడా మీదే నిలిచింది.

క్లబ్బు పక్షాన చెప్పవలసింది తక్కువేమీ కాదు. నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా మన పిల్లలు ఆడేది ఎక్కువగా మొరం నేల మీద. గోల్‌పోస్టుల నడుమ అడుగులు పడీపడీ నేల గుంటపడి ఉంటుంది. వాన పడితే ఆ గుంటలోనే నీళ్లు నిలుస్తాయి. ఎండాకాలంలో పక్కకు దూకితే మోచేయి, తుంటి చర్మం గీరుకుపోతాయి కనుక పిల్లలు ఒకదాని మీద ఒకటి రెండు ట్రాక్ ప్యాంట్లు వేసుకుంటారు. దెబ్బలు మానుతాయి గానీ, దూకడానికి జంకే అలవాటు మాత్రం ఒకసారి పడితే వదలదు. అంతకన్నా పెద్ద లోటు కాళ్ల ఆటలో కనిపిస్తుంది. సొంత జట్టు ఆటగాడు కావాలని కాలితో వెనక్కిచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టరాదన్న నియమం 1992లో వచ్చింది మొదలు, బంతిని కాలితో అదుపు చేసి సరైన చోటికి పంపడం ఇతని పనిలో సగమైంది. బంతి ఎటు లేస్తుందో తెలియని మొరం మీద ఆ పని నేర్చుకోవడం ఎవరి తరమూ కాదు. పచ్చిక మైదానం, గోల్‌కీపర్లకు విడిగా శిక్షకుడు, ఆడిన ఆటను వీడియోలో తిరిగి చూపించే ఏర్పాటు మంచి క్లబ్బులోనే దొరుకుతాయి. విదేశీ ఆటగాళ్ల కోటాను క్లబ్బులు ఎక్కువగా గోల్ కొట్టేవారి మీద, డిఫెండర్ల మీద ఖర్చు పెడతాయి కనుక గోల్‌పోస్టు ముందు నిలబడే చోటు సాధారణంగా మనవాళ్లకే దక్కుతుంది.

అయితే ఆ చోటు జట్టుకు ఒక్కటే. 2024–25 ఐఎస్ఎల్‌లో ఆడినవి 13 జట్లు, అంటే ఆ లీగ్ మొత్తం మీద మొదటి గోల్‌కీపర్లు 13 మంది. మిడ్‌ఫీల్డర్‌ను చివరి ఇరవై నిమిషాలకైనా దింపి చూస్తారు. రెండో గోల్‌కీపర్‌కు మాత్రం మొదటివాడు గాయపడితేనో, రెడ్ కార్డు తింటేనో తప్ప వంతు రాదు. మూడో గోల్‌కీపరైతే సీజనంతా తోటివారి షాట్లకు ఎదురు నిలబడి, ఒక్క అసలు మ్యాచ్ ఆడకుండానే ఒప్పందం ముగించుకుంటాడు. పైగా క్లబ్బుల నిలకడ మనం చూస్తూనే ఉన్నాం: గచ్చిబౌలిలో ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది, అదే ఏడు ఐఎస్ఎల్ సీజనే సకాలంలో మొదలుకాలేదు. జీతం మీద ఇల్లు గడవాల్సిన కుర్రాడికి ఇవి చిన్న మాటలు కావు.

కొలువు జట్టు అంటే రెండో రకం ఆట అని చిన్నచూపు చూడటం మన చరిత్ర తెలియకపోవడమే. ఎస్.ఎ. రహీం శిక్షణలో 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ టోర్నీ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు. హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్ సైన్యంలో చేరి, మొదట సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడి, అక్కడే గోల్‌కీపరయ్యాడు. సైనిక దళాల ఉమ్మడి జట్టు సర్వీసెస్‌లో రాటుదేలి, ఆ తర్వాతే కలకత్తా వెళ్లి మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడింటికీ ఆడాడు. 1956, 1960 ఒలింపిక్స్‌కు వెళ్లాడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. ఆ కాలం వేరని అంటారు, నిజమే. కానీ రాష్ట్రాల, శాఖల జట్లు తలపడే జాతీయ పోటీ సంతోష్ ట్రోఫీని 2023–24 సీజన్‌లో గెలిచింది కూడా సర్వీసెస్ జట్టే.

కొలువులో చిక్కులూ ఉన్నాయి. ఏడాదిలో పెద్ద టోర్నీలు కొన్నే ఉంటాయి, సాధనకు దొరికే సమయం పై అధికారి మనసును బట్టి మారుతుంది, ఉద్యోగం ఊరికి చాలా దూరంలో పడవచ్చు. ఆట ముగిశాక మిగిలేది మామూలు ఆఫీసు బల్లే. “గోలీగా నిలబడితే ఏమొస్తది బిడ్డా” అని అడిగే తండ్రికి మాత్రం ఆ బల్లే సమాధానం, అందులో తప్పేమీ లేదు.

కాబట్టి నా మాట ఇది: పంతొమ్మిది, ఇరవై ఏళ్ల వయసులో ఏ క్లబ్బైనా మొదటి జట్టులో ఆడించేందుకు పిలిస్తే వెళ్లాలి, మూడో గోల్‌కీపర్ ఒప్పందమే చేతికొస్తే, ఇరవై అయిదు నిండకముందే కొలువు చూసుకుని, మ్యాచ్‌లు దొరికే జట్టులో నిలబడాలి. అమ్మాయిల విషయంలో మొగ్గు మరింతగా కొలువు వైపే, ఎందుకంటే మహిళల లీగ్‌లో జట్లూ తక్కువే, సీజనూ చిన్నదే.

ఒప్పందం మీద సంతకం చేసేవారు జీతం అంకె కన్నా ముందు మూడు సంగతులు అడగాలి: తమకు ముందు వరుసలో ఎంతమంది గోల్‌కీపర్లున్నారు, ఆడించకపోతే మ్యాచ్‌లు దొరికే వేరే జట్టుకు కొంతకాలం అప్పుగా (లోన్ మీద) పంపుతారా, సంతోష్ ట్రోఫీ రాష్ట్ర జట్టు శిబిరానికి వదులుతారా. మూడోది మరీ ముఖ్యం, ఎందుకంటే రేపు కొలువుకు దరఖాస్తు పెట్టుకున్నప్పుడు అక్కరకొచ్చేది రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడినట్టు చూపే ధ్రువపత్రం. క్లబ్బు బెంచీ మీద ఎన్ని నెలలు కూర్చున్నా అది రాదు.