రెండు విమానాల మధ్య ఒక మధ్యాహ్నం

టోక్యో వెళ్లేటప్పుడు చివరి అంచె బోయింగ్ 787లో, వచ్చేటప్పుడు ఎయిర్‌బస్ ఎ350లో. రెండింటినీ పోల్చి చూడాలని కావాలనే టికెట్లు అలా తీసుకున్నాను. మధ్యలో ఒక మధ్యాహ్నం మాత్రం హనేడా విమానాశ్రయం దగ్గర జపాన్ ఎయిర్‌లైన్స్ వాళ్ల సేఫ్టీ ప్రమోషన్ సెంటర్ కోసం అట్టేపెట్టుకున్నాను. ముందే బుక్ చేసుకుంటేనే లోపలికి రానిస్తారు.

787లో కిటికీకి తెర ఉండదు. కింద బటన్ నొక్కితే అద్దమే మెల్లగా నీలంగా ముదురుతుంది. రాత్రంతా కూర్చున్నా తలనొప్పి రాలేదు, గొంతు ఎండిపోలేదు. దానికి కారణం ఉంది. పాత విమానాల్లో లోపలి గాలి సుమారు 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టుంటే, 787, ఎ350ల్లో 6,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టుంటుంది. ఈ రెండింటి బరువులో సగం దాకా కాంపోజిట్ పదార్థాలే, అంటే కార్బన్ పోగుల్ని జిగురుతో కలిపి గట్టిపరిచినవి. అవి అల్యూమినియంలా తుప్పు పట్టవు, ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటే తొందరగా పగుళ్లివ్వవు. అందుకే లోపల ఒత్తిడి, తేమ ఎక్కువ ఉంచగలుగుతున్నారు. ఎ350 క్యాబిన్ 12 సెంటీమీటర్లు ఎక్కువ వెడల్పు. ఆ తేడా నా మోచేతికి బాగానే తెలిసింది. తోక మీది కెమెరాలో టేకాఫ్ మొత్తం చూశాను. సుఖం ఒక్కటే చూస్తే నా ఓటు ఎ350కే.

కానీ నేను వెళ్లింది సుఖం కొలవడానికి కాదు. 787 సేవలోకి వచ్చింది 2011లో. 2013 జనవరిలో బ్యాటరీల్లో మంటలు రావడంతో ప్రపంచమంతా వాటిని ఆపేశారు. బ్యాటరీని స్టీలు పెట్టెలో పెట్టి, పొగ బయటికి పోయే దారి చేశాకే మళ్లీ ఎగరనిచ్చారు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా 787 కూలినప్పుడు లోపలున్న 242 మందిలో ఒక్కరే బతికారు. ఆ మోడల్‌లో ప్రయాణికులు చనిపోయిన మొదటి ప్రమాదం అదే. నేల వదిలిన కొద్ది సెకన్లకే రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లు కటాఫ్‌కి, అంటే ఇంధనం ఆపేసే వైపుకి, మారాయని ప్రాథమిక నివేదికలో ఉంది. నా విమానం లేస్తున్నప్పుడు ఆ వాక్యమే బుర్రలో తిరిగింది. టెన్షన్‌తో సీటు చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

ఇక ఆ సెంటర్. 1985 ఆగస్టు 12న కూలిన జపాన్ ఎయిర్‌లైన్స్ 123 శకలాలు అక్కడ ఉంచారు. 524 మందిలో 520 మంది చనిపోయారు. విమానం వెనక భాగంలో గొడుగులా ఉండే గోడ ఒకటి ఉంటుంది, లోపలి ఒత్తిడిని ఆపేది అదే. 1978లో ఒసాకాలో ఆ విమానం తోక రన్‌వేకి రాసుకుంది. ఆ గోడకు బోయింగ్ వాళ్లు చేసిన రిపేరులో రెండు వరుసల రివెట్లు (రేకుల్ని కలిపి పట్టే మేకులు) మోయాల్సిన బరువు ఒకే వరుస మీద పడింది. ఏడేళ్లు ఓర్చుకుని చివరికి చీలిపోయింది. ఆ చీలిన రేకు ముందు చాలాసేపు నిలబడిపోయాను. రివెట్ తల నా చిటికెన వేలి గోరంత కూడా లేదు. పక్క గదిలో, విమానం అదుపు తప్పి ఊగుతుండగా ప్రయాణికులు ఇంటివాళ్లకు రాసిన చీటీలు ఉన్నాయి. అక్షరాలు వంకర్లు పోయి ఉన్నాయి. అక్కడ ఎవరూ మాట్లాడలేదు.

2005లో భద్రతా లోపాలు వరసగా బయటపడి, ప్రభుత్వం గట్టిగా హెచ్చరించాక, 2006లో దీన్ని తెరిచారు. సంస్థ ఉద్యోగులకు ఇక్కడే పాఠం. మాకు చూపించిన పెద్దాయన ఒక్కసారి కూడా ‘దురదృష్టం’ అనలేదు. ఎక్కడ ఎవరు ఏం చూసుకోలేదో చెప్పుకుంటూ వెళ్లారు.

2024 జనవరి 2న అదే హనేడాలో, అదే సంస్థ ఎ350 దిగుతూ కోస్ట్‌గార్డ్ విమానాన్ని ఢీకొట్టింది. ఆ చిన్న విమానంలో ఆరుగురిలో ఐదుగురు పోయారు. ఎ350లో ఉన్న 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఎనిమిది తలుపుల్లో మూడే పనికొచ్చాయి, మైకు పనిచేయలేదు, సిబ్బంది మెగాఫోన్‌తో అరిచి అందరినీ దింపారు. సామాన్లు వదిలేసి దిగారు కాబట్టే అది కుదిరింది.

అందుకే ‘భద్రమైన ఎయిర్‌లైన్’ ర్యాంకుల జాబితాలు నాకు పెద్దగా ఆనవు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2000లో తైపేలో, మరమ్మతులో ఉన్న రన్‌వే మీద నుంచి టేకాఫ్‌కి వెళ్లి 83 మందిని పోగొట్టుకుంది. కొరియన్ ఎయిర్ 1997లో గువామ్‌లో 228 మందిని పోగొట్టుకుని, బయటివాళ్లను తెచ్చి పైలట్ల శిక్షణ మార్చుకుంది. ఈ రెండింట్లో దేనికైనా నేను ఈరోజు నిశ్చింతగా టికెట్ కొంటాను. డిజైన్ కొత్తదైతే చాలనుకోవడమూ పొరపాటే. బోయింగ్ 737 మ్యాక్స్ ఒకే సెన్సర్ మాట నమ్మి ముక్కు కిందికి దించేలా ఉండటం వల్ల 2018, 2019ల్లో 346 మంది చనిపోయారు. తెలియని సంస్థ అయితే నేను చూసేవి రెండు: విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐయాటా చేయించే ఐఓఎస్ఏ అనే భద్రతా ఆడిట్ పాసైందా, యూరప్ తమ ఆకాశంలోకి రానివ్వని సంస్థల నిషేధ జాబితాలో ఉందా. రెండూ ఎవరైనా నెట్‌లో చూసుకోవచ్చు.

వెళ్లేటప్పుడు మొదటి అంచెలో ఇంకో సంస్థ విమానం ఎక్కాను. సీటు మెత్తన, భోజనం వేడిగా, పలకరింపు తియ్యగా ఉంది. కానీ ఎమర్జెన్సీ తలుపు వరుసలో ఒకాయన బ్యాగు కాళ్ల దగ్గరే ఉంది. సిబ్బందికి చెబితే “చిన్న బ్యాగే కదండీ” అని వెళ్లిపోయారు. ఫిర్యాదు రాశాను, జవాబు లేదు. ఆ సంస్థలో మళ్లీ ఎక్కను. టోక్యోలో హోటల్ గురించి చెప్పడానికి ఏమీ లేదు, నిద్ర పట్టింది, బస్సు టైముకి వచ్చింది.

తిరుగు ప్రయాణంలో కూర్చోగానే తలుపు దాకా వరుసలు లెక్కపెట్టాను. ముందుకి ఏడు, వెనక్కి నాలుగు. పక్కనున్నామె ల్యాప్‌టాప్ బ్యాగు సగం నడవలోకి వచ్చింది. అటెండెంట్ అమ్మాయి వంగి అడిగింది, నవ్వింది, ఆ బ్యాగు ముందు సీటు కిందికి పూర్తిగా వెళ్లేదాకా అక్కడి నుంచి కదల్లేదు.