విజయవాడ కౌన్సెలింగ్ కేంద్రంలో ఆరు ఆదివారాలు

విజయవాడలో కౌమార వయసు పిల్లలకు కౌన్సెలింగ్ ఇచ్చే ఒక ప్రైవేటు కేంద్రానికి మా అమ్మాయిని వరుసగా ఆరు ఆదివారాలు తీసుకువెళ్లాను. మెప్పుతో పాటు ఫిర్యాదులూ రాస్తున్నాను కనుక ఆ కేంద్రం పేరు చెప్పడం లేదు. ఇటువంటి చోటికి మొదటిసారి వెళ్లబోయే తల్లిదండ్రులకు అక్కడ ఏం జరుగుతుందో, దేనికి డబ్బు కడుతున్నారో తెలియాలన్నదే నా ఉద్దేశం.

మా అమ్మాయికి 16 ఏళ్లు. నగర శివారులోని ఒక రెసిడెన్షియల్ కళాశాలలో బైపీసీ మొదటి సంవత్సరం చదువుతోంది. ఆదివారం వార్డెన్ ఫోన్ నుంచి ఐదు నిమిషాలు మాట్లాడనిస్తారు. వెనుక మరో పదిమంది వరుసలో నిలబడి వింటుండగా ఏ పిల్లైనా "బాగానే ఉన్నానమ్మా" అనే అంటుంది, మా అమ్మాయీ అదే అంది. దసరా సెలవులకు తెనాలి వచ్చినప్పుడు తల దువ్వుతుంటే జడ నా చేతిలో సగానికి సగం సన్నబడి ఉంది. మధ్యాహ్నం దాకా నిద్ర లేచేది కాదు. పిన్ని వాళ్లింటికి రమ్మంటే, "నల్లబడ్డావేమిటే" అని ఒకరు, "వీకెండ్ టెస్టులో ఎంతొచ్చాయి" అని ఇంకొకరు అడుగుతారని ఇల్లు కదలలేదు. తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి పెట్టెలో బట్టలు సర్దడం, మళ్లీ తీసి మంచం మీద పరవడం మూడుసార్లు చేసింది.

ఆ రాత్రే నేను 14416కు ఫోన్ చేశాను. మానసిక ఇబ్బందుల్లో ఉన్నవారికి ఫోన్‌లో సలహా ఇచ్చే టెలీ మానస్ నంబరు అది. 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ సేవ ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దీనికి ప్రధాన కేంద్రం. అవతల మాట్లాడినావిడ తొందర పడకుండా అంతా విని, ఎవరినైనా నేరుగా కలవడం మంచిదని, అయితే డాక్టరు దగ్గరికని, గుడికని మభ్యపెట్టి కాకుండా పిల్లతో విషయం చెప్పి, ఒప్పించి తీసుకువెళ్లమని సూచించారు. మా అమ్మాయి ఒప్పుకుంది. ఒప్పుకోనిది మా అత్తగారు. "పెళ్లి కావలసిన పిల్ల, రేపు నలుగురికీ తెలిస్తే ఏమంటారు" అన్నారు. ఇదే కష్టం మగపిల్లవాడికి వచ్చి ఉంటే ఆ మాట ఆవిడ నోట వచ్చేది కాదని నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు.

ఇక కేంద్రం సంగతి. యాభై నిమిషాల సెషన్‌కు 1,200 రూపాయలు. ఆరు సెషన్లకు ముందే 7,200 కట్టించుకున్నారు, మధ్యలో మానేస్తే తిరిగి ఇవ్వరు. మా మొదటి పరీక్ష రిసెప్షన్ దగ్గరే ఎదురైంది. కుర్చీలన్నీ నిండిన హాల్లో అక్కడి అమ్మాయి తల కూడా ఎత్తకుండా "పాపకి ప్రాబ్లం ఏంటండీ?" అని గొంతెత్తి అడిగింది. మా పిల్ల చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ గోడమీది క్యాలెండర్ వైపు తిరిగిపోయింది. ఇటువంటి చోట ఆ ఒక్క ప్రశ్న చాలు, సగం మంది మెట్లు దిగి వెళ్లిపోవడానికి. రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాక, మరుసటి వారం నుంచి ఒక కాగితం ఇచ్చి రాసిమ్మంటున్నారు కానీ, పిలిచేటప్పుడు మాత్రం ఇంటిపేరుతో సహా ఇప్పటికీ గట్టిగానే పిలుస్తున్నారు.

రెండో లోపం దరఖాస్తు. అంతా ఇంగ్లీషులోనే ఉంది. గడిచిన రెండు వారాల్లో ఎలా ఉన్నారో తెలుసుకునే తొమ్మిది ప్రశ్నల పత్రం కూడా అంతే; ఒక్కో ఇబ్బంది ఎంత తరచుగా ఉందో సున్నా నుంచి మూడు దాకా గుర్తించాలి. మా అమ్మాయి ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియమే కనుక అన్నిటికీ గబగబా టిక్కులు పెట్టేసింది, పరీక్ష రాసినట్టే. లోపల కౌన్సెలర్ ఆ కాగితాన్ని పక్కన పెట్టి, "ఏ పనీ చేయబుద్ధి కావడం లేదా అమ్మా? ఇంతకుముందు ఇష్టంగా చేసినవి ఇప్పుడు చేస్తున్నావా?" అని తెలుగులో అడిగితే, సున్నా పెట్టిన చోట మూడు పెట్టవలసి వచ్చిందట. ఈ మాట నాకు చెప్పింది మా అమ్మాయే. పత్రాన్ని తెలుగులో అచ్చు వేయించడానికి ఈ కేంద్రానికి ఎంత ఖర్చవుతుందో నాకు అర్థం కాదు.

కౌన్సెలర్ విషయానికి వస్తే, ఆవిడ గురించి ఎంత రాసినా తక్కువే. మొదటి రోజే ఆవిడ మనసు సంగతి తర్వాత అన్నట్టుగా, ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకు రమ్మన్నారు. నీరసం, జుట్టు రాలడం, చదువు మీద మనసు నిలవకపోవడం రక్తహీనత వల్ల కూడా రావచ్చట. 12 ఉండవలసిన హిమోగ్లోబిన్ మా అమ్మాయికి 9.4 ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. సర్కారు బడుల్లో వారానికొక నీలం రంగు ఐరన్ మాత్ర ఇచ్చేది అందుకే. లక్షల్లో ఫీజు తీసుకునే మా అమ్మాయి హాస్టల్లో ఆ మాత్ర ఊసే లేదు. ఇంకో విషయం కూడా అప్పుడే బయటపడింది: స్టడీ అవర్‌లో మగ లెక్చరర్‌ను అడిగి బాత్రూమ్‌కు వెళ్లడానికి మొహమాటపడి పిల్ల పగలంతా మంచినీళ్లు తాగడం మానేసింది. నెలసరి రోజుల్లో ఆ అవస్థ ఏమిటో విడిగా రాయనక్కరలేదు.

రెండో ఆదివారం నుంచి నన్ను బయట కూర్చోమన్నారు. మొదట నాకిది మింగుడు పడలేదు. డబ్బు కట్టేది నేను, పిల్ల మైనరు, లోపల ఏం మాట్లాడారో నాకు తెలియకపోతే ఎలా అని అడిగాను. ఏది నాకు చెబుతారో, ఏది చెప్పరో కౌన్సెలర్ మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని వివరించారు. ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే వెంటనే నాకు చెబుతారు. ఎవరైనా లైంగికంగా వేధించినట్టు తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయక తప్పదు. మిగతాదంతా పిల్ల అనుమతితోనే. ఆరు వారాలయ్యాక నాకు తోచినది ఏమిటంటే, ఈ కేంద్రంలో నేను డబ్బు పెట్టి కొన్న అసలు వస్తువు ఆ మూసిన తలుపే. హాస్టల్లో గదికి ఎనిమిది మంది, ఇంట్లో మేము, ఫోన్ దగ్గర వరుస. మా అమ్మాయికి వారంలో ఎవరూ వినని యాభై నిమిషాలు ఇంకెక్కడా లేవు.

నాకూ హోంవర్కు ఇచ్చారు. ఐదు నిమిషాల ఫోన్‌లో మొదటి మూడు నిమిషాలు మార్కుల మాట ఎత్తకూడదు. తేలికే అనుకున్నాను. మొదటి వారం "తిన్నావా" అన్నాక నాకు మాట దొరకలేదు. ఇద్దరం ఒకరి ఊపిరి ఒకరం వింటూ ఉండిపోయాం. మూడో వారం, మా పెరట్లో పాత గ్యాస్ పొయ్యి వెనుక పిల్లి నాలుగు కూనల్ని పెట్టిన సంగతి చెప్పాను. వాటిలో ఒకదానికి తోక సగమే ఉందంటే నవ్వింది. ఆ వారం ర్యాంకు ఎంతో అడగడం నేనే మరిచిపోయాను.

వారం వారం బయటికి పంపడానికి కళాశాల వారు మొదట ఒప్పుకోలేదు. నెలకొక్క ఔటింగే నిబంధన అన్నారు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన 17 ఏళ్ల అమ్మాయి తండ్రి నడిపిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన తీర్పు ప్రతిని నా దరఖాస్తుకు జతచేశాను. వందమంది లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని, మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయకూడదని, నలుగురిలో అవమానించకూడదని, టెలీ మానస్ నంబరు హాస్టళ్లలో అందరికీ కనిపించేలా పెట్టాలని అందులో ఉంది. "మీ దగ్గర కౌన్సెలర్ ఉంటే మేము బయటికి రానక్కరలేదు కదండీ" అని ప్రిన్సిపాల్ గారితో అన్నాను. అనుమతి వచ్చింది. ర్యాంకును బట్టి సెక్షన్ మార్చడం మాత్రం ఆగలేదు. ఆదివారం సాయంత్రం నా ఫోన్‌కు ఎర్ర అక్షరాల్లో సెక్షన్ సగటు వస్తూనే ఉంది.

కేంద్రం చేయలేని పనులు కూడా చెప్పాలి. అక్కడ మందులు రాయరు, రాయకూడదు కూడా; అవసరమైతే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతారు. క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు ఉంటే, ఆ వృత్తివారిని నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఇచ్చిన నమోదు సంఖ్య అడగండి; మేము అడిగితే కౌన్సెలర్ ఏమీ నొచ్చుకోకుండా చూపించారు. నాలుగో సెషన్ తర్వాత రిసెప్షన్‌లో 3,500 రూపాయలకు ఐక్యూ పరీక్ష, కెరీర్ రిపోర్టు చేయించుకోమని పట్టుబట్టారు. కౌన్సెలర్‌ను అడిగితే అవసరం లేదన్నారు. పిల్ల మీద ఇంకొక మార్కుల కాగితం తయారు చేయించడానికా మేము అక్కడికి వెళ్లింది?

కౌన్సెలర్‌కు ఐదుకు ఐదు, రిసెప్షన్‌కు ఒకటి, కేంద్రం మొత్తానికి మూడున్నర ఇస్తాను. మా అమ్మాయి ఇప్పుడు నెలకొకసారి వెళుతోంది. ఏడో సెషన్ కావాలని తనే అడిగింది, ఎందుకని నేను అడగలేదు. ఆదివారం అపాయింట్‌మెంట్ కావలసినవారు గురువారం సాయంత్రం లోపే ఫోన్ చేయాలి. శుక్రవారానికి అన్నీ అయిపోతున్నాయి.