గేరుని కారే ఎంచుకోవాలా, మనమా?

ఎలక్ట్రిక్ కారులో మార్చడానికి గేర్లంటూ పెద్దగా ఉండవు, మోటారు ఒకవైపు తిరిగితే ముందుకి, ఇంకోవైపు తిరిగితే వెనక్కి, అంతే. 2021లో టెస్లా మోడల్ ఎస్‌లో గేరు కాడే తీసేశారు. ఎదురుగా అడ్డం ఉందా అని సెన్సర్లతో చూసుకుని ముందుకా (డ్రైవ్, డీ), వెనక్కా (రివర్స్, ఆర్) అన్నది, ఆ సెట్టింగ్ ఆన్ చేసుకుంటే, కారే ఊహిస్తుంది, తప్పయితే స్క్రీన్ మీద వేలితో జరిపి మార్చాలి.

ఎదురుగా గోడ ఉన్న ఇంటి షెడ్డులో హాయే. కానీ తిరుపతి గాంధీ రోడ్డులో ముందు ఆటో, వెనక పూలబుట్ట, మధ్యలో గుండు చేయించుకున్న పిల్లాణ్ణి ఎత్తుకుని దాటుతున్న కుటుంబం ఉంటే నేను ఎటు పోవాలనుకుంటున్నానో ఏ సెన్సరుకి తెలుస్తుంది?

ఎంజీ జెడ్ఎస్ ఈవీ అనే ఎలక్ట్రిక్ కారులో ఉన్నట్టు గుండ్రటి నాబ్ తిప్పితే ఏం చేశామో చేతికే తెలుస్తుంది. నా ఓటు దానికే. కారే ఎంచుకునేది వాడేవాళ్లు మాత్రం బ్రేకు వదిలే ముందు స్క్రీన్ మీద డీ పడిందా, ఆర్ పడిందా ప్రతిసారీ చూడండి, దయచేసి.