రేనాక్స్ డీసీఆర్-250: పురుగుల ఫొటోలకు జూమ్ లెన్స్ చాలు

బెంగళూరులో పురుగుల ఫొటోలు తీయాలని ఉత్సాహపడేవారు మొదట అడిగేది, చిన్నవాటిని దగ్గర నుంచి పెద్దగా తీసే ఖరీదైన మాక్రో లెన్స్ కొనక తప్పదా అని. చేతిలో 55-250 మిల్లీమీటర్ల వంటి జూమ్ లెన్స్ ఉన్నవారికి ఆ అవసరం లేదని, జపాన్‌కు చెందిన రేనాక్స్ తయారుచేసే డీసీఆర్-250 క్లోజప్ లెన్స్‌తోనే ఏళ్ళ తరబడి తృప్తిగా పనిచేసుకోవచ్చని నా అభిప్రాయం. 8 డయాప్టర్ల (లెన్స్ శక్తికి కొలమానం; ఎక్కువైతే ఇంకా దగ్గర నుంచి తీయవచ్చు) శక్తి గల ఈ చిన్న లెన్స్‌ను, మూత పెట్టినట్లే రెండు పక్కలా నొక్కి, ఫిల్టర్ కొలత (ముందు భాగపు మరల వ్యాసం) 52 నుంచి 67 మిల్లీమీటర్ల వరకు ఉన్న లెన్స్‌లకు తగిలించుకోవచ్చు. జూమ్‌ను 250 దగ్గర పెట్టి ఫోకస్‌ను అనంతానికి, అంటే అత్యంత దూరానికి తిప్పితే, పురుగు తన అసలు పరిమాణానికి రెండింతలుగా కెమెరాలో బొమ్మను పట్టే సెన్సార్ మీద పడుతుంది. జూమ్ బాగా తగ్గిస్తే మాత్రం ఫొటో మూలలు నల్లబడతాయి.

దీని విలువ నాకు బెంగళూరులోని తురహళ్ళి అడవిలో తెలిసివచ్చింది. ఆకులను కలిపి గూడు కట్టుకునే ఎర్ర చీమల దగ్గర, వాటి రంగులోనే, వాటి నడకతోనే తిరిగే ఒక సాలీడు ఉంటుంది. మామూలు చూపుకు అదీ చీమే. ఈ లెన్స్‌లోంచి చూసినప్పుడు, మీసాల్లా గాలిలో ఆడిస్తున్నవి నిజానికి ముందు కాళ్ళ జత అని, ముఖం మీద రెండు పెద్ద కళ్ళు నల్లగా మెరుస్తున్నాయని స్పష్టమవుతుంది. మగ సాలీడు దవడలు ఎంత పొడవుగా ముందుకు సాగి ఉంటాయంటే, ఒక చీమ మరో చీమను మోసుకుపోతున్నట్లే అనిపిస్తుంది. ఇంత వివరాన్ని అంచులు చెదరకుండా పట్టి ఇవ్వడం ఈ పరిమాణపు లెన్స్‌కు చిన్న విషయం కాదు.

అయితే ఇది ఓపికను కోరే పరికరం. లెన్స్ ముందు నుంచి సుమారు 12 సెంటీమీటర్ల దూరంలోనే ఫోకస్ కుదురుతుంది. స్పష్టంగా కనిపించే లోతు మిల్లీమీటరైనా ఉండదు. ఫోకస్ రింగు తిప్పడం మానేసి, ఊపిరి బిగబట్టి కెమెరానే కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ జరపాలి. అపెర్చర్‌ను (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రాన్ని) చిన్నదిగా, ఎఫ్/11 దగ్గర ఉంచినప్పుడు వెలుతురు చాలదు కనుక ఫ్లాష్, దాని ముందు వెలుతురును మెత్తగా పరిచే తెల్లని డిఫ్యూజర్ తప్పనిసరి. లేకపోతే లెన్స్ నీడే పురుగు మీద పడుతుంది. చలికాలపు ఉదయాలలో ఎండ ఎక్కకముందే వెళ్తే పురుగులు మందకొడిగా ఉండి, దగ్గరికి చేరనిస్తాయి. వెలుతురు కోసం గూడు ఆకులను విరిచేవారిని, కదలకుండా ఉండాలని పురుగులను ఫ్రిజ్‌లో పెట్టేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. అలా తీసిన ఫొటో ఎంత బాగున్నా నేను మెచ్చుకోలేను.

సీతాకోకచిలుకలు, తూనీగలే మీకు ముఖ్యమైతే ఈ లెన్స్ వద్దు. బన్నేరుఘట్ట సీతాకోకచిలుకల పార్కులో, మంగళవారం సెలవు కాబట్టి మిగతా రోజుల్లో వెళ్ళి ప్రయత్నించి చూడండి: 12 సెంటీమీటర్ల దగ్గరికి చేరేలోపే అవి ఎగిరిపోతాయి. అటువంటివారికి ఇదే కంపెనీ తయారుచేసే 4.8 డయాప్టర్ల డీసీఆర్-150 నయం. అది 20 సెంటీమీటర్ల ఎడం ఇస్తుంది. కర్ణాటక రాష్ట్ర సీతాకోకచిలుక సదరన్ బర్డ్‌వింగ్ అంతటి పెద్దదానికైతే రెండూ అక్కరలేదు, ఉన్న జూమ్ ఒక్కటే సరిపోతుంది.