గుంటూరు కొత్తపేట ల్యాబులో సైటోజెనెటిక్స్ శిక్షణ: చేతిపని బాగు, కెరీర్ సలహా అంతంతమాత్రం

గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల నడుమ ఉన్న ఈ డయాగ్నొస్టిక్ ల్యాబు, డిగ్రీలోగాని పీజీలోగాని జంతుశాస్త్రం, బయోటెక్నాలజీ, జెనెటిక్స్ చదివినవారికి వేసవిలో నెల రోజులపాటు సైటోజెనెటిక్స్‌లో, అంటే కణాల్లోని క్రోమోజోములను పరీక్షించడంలో, శిక్షణ ఇస్తోంది. మానవ జన్యుశాస్త్రంలో ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం పూర్తిచేసి సెలవులకు ఇంటికి వచ్చిన నేను ఈ ఏడాది అందులో చేరాను. క్రోమోజోముల పరీక్షలో చేతిపని ఒక భాగం, కెరీర్ గైడెన్స్ మరొక భాగం అని ప్రకటనలో ఉంది. ఫీజు ఒక సెమిస్టరు హాస్టలు ఖర్చుకు దగ్గరగా ఉన్నా, మొదటి భాగం ఒక్కటే దానికి న్యాయం చేసింది. రెండవ భాగాన్ని నమ్ముకొని మాత్రం ఎవరూ చేరకూడదు.

చేతిపని నేర్పేది ఒక సీనియర్ టెక్నీషియన్. అందరూ మేడమ్ అనే పిలుస్తారు. ఆవిడ పాఠం రక్తపు ట్యూబు మూత రంగు దగ్గరే మొదలవుతుంది. క్రోమోజోముల పరీక్షకు కణాలు బతికి ఉండాలి కనుక ఆకుపచ్చ మూత ఉన్న సోడియం హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం) ట్యూబు, డీఎన్ఏ తీయడానికైతే ఊదా మూత ఉన్న ఈడీటీఏ ట్యూబు వాడాలని, డీఎన్ఏ ప్రతులను పెంచే పీసీఆర్ పద్ధతిని హెపారిన్ అడ్డుకుంటుంది కాబట్టి రెండూ తారుమారైతే రోగిని మళ్ళీ పిలిపించవలసి వస్తుందని ఆవిడ చెప్పిన తీరు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. రక్తంలోని లింఫోసైట్లు (ఒక రకం తెల్లరక్తకణాలు) వాటంతట అవి విభజన చెందవు కనుక, విభజనను ప్రేరేపించే ఫైటోహీమాగ్లుటినిన్ కలిపి, 37 డిగ్రీల వద్ద 72 గంటలు పెంచి, చివర్లో కోల్చిసిన్ అనే రసాయనంతో, క్రోమోజోములు స్పష్టంగా కనిపించే మెటాఫేజ్ దశలో విభజనను ఆపడం వరకు మా చేతనే చేయించారు.

అసలు పరీక్ష ఆ తరువాతే. 0.075 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో కణాలు ఉబ్బుతాయి. మూడు వంతుల మిథనాల్‌కు ఒక వంతు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ఫిక్సేటివ్‌తో వాటిని నిలబెట్టి, డ్రాపర్‌తో స్లైడు మీద చుక్క వేయాలి. మే నెలలో ఏసీ ఆగిన ఒక పూట ఆ చుక్క పడీపడగానే ఆరిపోయి, క్రోమోజోములు విడిపడకుండా ముద్దగా మిగిలిపోయాయి. మేడమ్ తడిగుడ్డ పరిచి, దాని మీద స్లైడు పెట్టి మళ్ళీ చుక్క వేయించారు. ఈసారి సూక్ష్మదర్శిని కింద క్రోమోజోములు లెక్కపెట్టేంత విడివిడిగా పరుచుకున్నాయి. మానవ కణంలో 48 క్రోమోజోములు ఉంటాయని దశాబ్దాలపాటు పుస్తకాలు రాస్తూ వచ్చాయి. 1956లో శాస్త్రవేత్తలు త్జియో, లెవాన్ 46 అని సరిచేయగలిగింది ఇలాంటి ఉబ్బించే ద్రావణం, కోల్చిసిన్ చేతికి అందిన తరువాతే. స్లైడు చెడిన రోజున ఆ పాత లెక్క ఎందుకు తప్పిందో బాగా అర్థమవుతుంది.

డౌన్ సిండ్రోమ్ బిడ్డను చూడగానే వైద్యులు గుర్తుపడతారు కదా, మళ్ళీ క్యారియోటైపు (క్రోమోజోములను జతలుగా పేర్చి చూసే పరీక్ష) ఎందుకని మాలో ఒకరు అడిగారు. ఎక్కువమందిలో 21వ క్రోమోజోము రెండే ఉండవలసిన చోట విడిగా మూడవది వస్తుంది. కొద్దిమందిలో మాత్రం అది మరొక క్రోమోజోముకు అతుక్కొని ఉంటుంది. అతుకు 21వ జతలోని రెంటి మధ్యే ఉండి, తల్లిదండ్రులలో ఒకరు దాని వాహకులైతే, పుట్టే ప్రతి బిడ్డకూ డౌన్ సిండ్రోమే వస్తుంది. తరువాతి కాన్పు గురించి ఆ దంపతులకు ఏం చెప్పాలో నిర్ణయించేది ఈ పరీక్షే అని మేడమ్ ఓపికగా వివరించారు. గర్భస్థ శిశువు నమూనాలను మాత్రం 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టాన్ని గుర్తుచేసి మాకు చూపలేదు. అది సరైన పద్ధతే.

వంశవృక్షాలు గీసే తరగతి మన ప్రాంతానికి తగినట్టు సాగింది. విదేశీ పుస్తకాల్లో అరుదుగా కనిపించే, రక్తసంబంధీకుల పెళ్ళిని సూచించే జంటగీత ఇక్కడ కాగితం కాగితానికీ వస్తుంది. మేనమామను చేసుకున్న అమ్మాయి సంతానానికి అంతఃప్రజనన గుణకం (ఒకే పూర్వీకుల జన్యువు తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ అందే సంభావ్యత) 1/8, మేనత్త కొడుకును చేసుకుంటే 1/16 అని లెక్క కట్టించారు. అంతకంటే విలువైనది అడిగే పద్ధతి. “మేనరికమా?” అని అడిగితే నేరం మోపినట్టు ఉంటుందని, “పెళ్ళికి ముందు మీ రెండు కుటుంబాలకు బంధుత్వం ఉందా అమ్మా?” అని అడగమని నేర్పారు.

ఇక కెరీర్ గైడెన్స్. బయటి నుంచి వచ్చిన వక్త ఈ సర్టిఫికెట్ ఉంటే జెనెటిక్ కౌన్సెలర్‌గా, అంటే జన్యువ్యాధుల గురించి కుటుంబాలకు సలహా చెప్పే నిపుణులుగా, స్థిరపడవచ్చని ధీమాగా చెప్పారు. అది తప్పుదోవ పట్టించే మాట. కౌన్సెలింగ్‌కు ఎమ్మెస్సీ స్థాయి చదువు, ఆసుపత్రిలో నిపుణుల పర్యవేక్షణలో అనుభవం కావాలి. మెడికల్ జెనెటిక్స్‌లో డీఎం అనే ఉన్నత కోర్సు వైద్యులకే పరిమితం. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు మానవ జన్యుశాస్త్ర విభాగం గురించి గాని, హైదరాబాదులోని ఉస్మానియా జెనెటిక్స్ సంస్థ, సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థల గురించి గాని ఒక్క మాట రాలేదు. 2047 నాటికి సికిల్ సెల్ వ్యాధిని (ఎర్రరక్తకణాలు కొడవలి ఆకారానికి మారే జన్యువ్యాధిని) నిర్మూలించాలని 2023లో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమం ఊసూ లేదు. పరిశోధన ఫెలోషిప్పుకు, అధ్యాపక అర్హతకు రాసే సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌కు కష్టపడి చదవాలన్నారే తప్ప, 200 మార్కులలో సగం తెచ్చే మూడవ భాగంలో 75 ప్రశ్నల నుంచి 25 ఎంచుకొని రాయాలని, తప్పు జవాబుకు పావు వంతు మార్కులు పోతాయని చెప్పలేదు. ఆ పూట మమ్మల్ని మైక్రోస్కోపు దగ్గర వదిలేసి ఉంటే బాగుండేది.

డీఎన్ఏ విభాగంలో అద్దం వెనుక నిలబడి చూడటమే తప్ప పిపెట్ పట్టనివ్వరు. క్రోమోజోములు చూసే మైక్రోస్కోపులు రెండే ఉన్నాయి కాబట్టి, డబ్బు కట్టేముందు బ్యాచ్‌లో ఎందరు ఉంటారో అడగాలి. విజయవాడ నుంచి రోజూ వచ్చిపోయేవారు కల్చర్ హార్వెస్ట్ చేసే (పెంచిన కణాలను సేకరించే) రోజు పని రాత్రి వరకు సాగుతుందని, మధ్యలో వదిలి వెళ్ళడం కుదరదని ముందే ఇంట్లో చెప్పి రావాలి.